పరదా అక్క చేతులు

చలికాలం వచ్చిందంటే ఆ ఊరివాళ్ళకి ఇంట్లో కాలు నిలవదు. మిగతా నెలలన్నీ ఆఫీసుకీ ఇంటికీ మధ్య తలవంచుకుని తిరిగే జనం, నది ఒడ్డు మైదానంలో గుడారాలు లేవగానే శాలువాలు కప్పుకుని, పిల్లల్ని చంకనేసుకుని బయలుదేరతారు. మైదానానికి ఎడమ పక్క తిండి వీధి, మధ్యలో సినిమా గుడారం, చివర పాత గోదాములో బొమ్మల ప్రదర్శన. ముందు తినాలా ముందు చూడాలా అని మొగుడూ పెళ్ళాలు గేటు దగ్గరే తగాదా పడతారు. ఎక్కడ ఏం తినాలో, ఏ సినిమా చూడాలో, ఏ బొమ్మ ముందు ఆగాలో చెప్పే చిన్న పుస్తకం ఒకటి సంబరాల కమిటీ వాళ్ళు అచ్చువేసి పంచుతారు. తిండి పేజీ తిప్పగానే అందులో మొదట కనిపించేది, పొడుగు తెల్లటోపీ పెట్టుకుని గరిట పైకెత్తి నవ్వుతున్న ఒక పెద్దమనిషి. ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఊరంతా ఆయన్ని సూప్ మావయ్య అంటుంది.

ఆయన దుకాణంలో దొరికేది ఒక్కటే, గుమ్మడికాయ సూప్. తొక్క నల్లబడేదాకా నిప్పుల మీద కాల్చిన గుమ్మడికాయ, నూనెలో మెత్తగా మగ్గిన ఉల్లి, వెల్లుల్లి, దంచిన మిరియాలు. చెప్పుకుంటే ఇంతే. వేళ్ళు కొంకర్లు పోయే చలిలో ఆ గిన్నె చేతిలోకి తీసుకుంటే ప్రాణం లేచొస్తుంది. వరుసలో నిలబడ్డవాళ్ళకి విసుగు రాకుండా సూప్ మావయ్య ఒకటే కబుర్లు. "ఏమ్మా, పోయినేడు ఒక్కదానివే వచ్చావు, ఈ ఏడు జంటగా వచ్చావే! ఇతగాడికి నా సూప్ నచ్చాలి మరి, లేకపోతే సంబంధం కేన్సిల్" అంటాడు. ముసలివాళ్ళకి అడక్కుండానే ఇంకో అరగరిట పోస్తాడు. పిల్లలు ఏడిస్తే టోపీ తీసి బట్టతల చూపిస్తాడు. జనానికి ఇంకేం కావాలి?

ఆయన వీపు వెనక ఒక గోధుమరంగు పరదా వేలాడుతుంది. దాని వెనక పొయ్యిలు, పొగ, గుమ్మడికాయల గుట్ట, ఆయన భార్య. కాయ తట్టి ఎంచేది ఆవిడ. కాల్చేది, తొక్క ఒలిచేది, రుబ్బేది, ఉప్పు చూసేది ఆవిడ. సూప్ మావయ్య చేసేదల్లా గరిటతో చెక్క మీద టకటకమని కొట్టడం. ముందున్న కుండ ఖాళీ అయిందని దానర్థం. ఆవిడ నిండుకుండ మోసుకొచ్చి పరదా అంచున పెడితే ఆయన అందుకుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా గుమ్మడికాయ కాల్చిన పాపాన పోలేదు. తిండి వీధి వెనక సందులో గిన్నెలు తోమేవాళ్ళు, గ్యాస్ బండలు మోసేవాళ్ళు, ఉల్లిపాయలు తరిగేవాళ్ళు మాత్రం సూప్ ఎవరిదో ఎరుగుదురు. వాళ్ళు ఆవిడని పరదా అక్క అంటారు.

ఇంతకీ ఈ అబద్ధానికి శ్రీకారం చుట్టింది ఎవరయ్యా అంటే, పరదా అక్కే. వేరే ఎవరో ఆవిడ నోరు నొక్కేసి ఉంటే ఈ కథ చెప్పడం ఎంతో సుఖంగా ఉండేది.

ఆవిడ మొగుడిది ఒకప్పుడు ఒక సినిమా హాల్లో గేటు దగ్గర పని. టికెట్లు చింపడం, టార్చిలైటు వేసి సీట్లు చూపించడం, ఇంటర్వెల్లో జనాన్ని నవ్వించడం. హాలు మూతపడింది. అందులో సోఫాలమ్మే కొట్టు పెట్టారు. ఆయన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. పిలిస్తే ఊ కొట్టడం కూడా మానేశాడు. కూర్చుని తింటే కుదరదు కదా అని పరదా అక్క ఆ చలికాలం సంబరాల్లో చిన్న దుకాణం పెట్టింది. సూప్ అమృతంలా ఉంది, కొనే నాథుడు లేడు. ఎందుకంటే ఆవిడకి పిలవడం రాదు. ఆవిడ నోట్లోంచి "రండి" అన్న మాట వస్తే పొమ్మన్నట్టుండేది. ఆవిడ మొహం చూసి, ఏదో తగాదా జరుగుతున్నట్టుంది అనుకుని జనం పక్కనుంచి వెళ్ళిపోయేవారు.

ఒక సాయంత్రం మొగుడు ఇంటి తాళం చెవి కోసం అక్కడికి వచ్చాడు. ఖాళీగా ఉన్న దుకాణం చూశాడు, అటూ ఇటూ పోతున్న జనాన్ని చూశాడు. పాత అలవాటు ఊరుకోదు. "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి! లోపల బోలెడన్ని సీట్లు! బొమ్మ ఇప్పుడే మొదలైంది!" అని ఒక్క కేక పెట్టాడు. సూప్ దుకాణం ముందు సినిమా కేకేమిటని నలుగురు నవ్వి ఆగారు. ఆగినవాళ్ళు తాగారు. తాగినవాళ్ళు ఇంకో నలుగుర్ని తెచ్చారు. కుండ ఖాళీ అయింది. మర్నాడు ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఆవిడకంటే ముందే మైదానానికి వెళ్ళి కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఒక పత్రికావిడ వచ్చింది. రెండో గిన్నె కూడా తాగి, "ఎవరండీ ఇది చేసేది? అద్భుతంగా ఉంది" అంది. ఆయన భార్యవైపు చెయ్యి చూపించబోయాడు. ఆ మాట నిజం, ఒప్పుకోవాలి. ఆవిడ ఆ గీసుకున్న గడ్డం చూసింది, ఎన్నో నెలల తర్వాత నిటారుగా నిలబడ్డ ఆ నడుం చూసింది. చూసి, ఆయన నోరు తెరిచేలోపు తనే అనేసింది.

"ఆయనేనండీ. నేను తరిగిపెడతానంతే."

ఒక్క మాటే కదా, పోతే ఏం పోయింది అనుకుంది. మొగుడు మళ్ళీ మనిషయ్యాడు, ఇల్లు నిలబడింది. ఆ మాట వెనక్కి తీసుకోవలసిన రోజు వస్తుందని అప్పుడు ఆవిడకేం తెలుసు? తర్వాతి ఏడు ఆవిడ మొహం మీద పొగ పడుతోందని, వచ్చేవాళ్ళకి అడ్డమవుతోందని మొగుడు మధ్యలో పరదా కట్టాడు. అదీ మర్యాదగానే కట్టాడు.

మొదట్లో ఆయన ఇంటికొచ్చాక, "అన్నీ నీ చలవే" అనేవాడు. కొన్నాళ్ళకి అనడం మానేశాడు. ఇంకొన్నాళ్ళకి, ఒకరోజు కుండ అందుకుంటూ ఒక చుక్క నాలిక్కి రాసుకుని, "మిరియాలు ఎక్కువయ్యాయి. నా సూప్ ఇలా ఉండదు" అన్నాడు. పరదా అక్కకి ఒళ్ళు మండింది. నా సూప్! పరిహాసమేమో అని మొహం చూసింది. పరిహాసం కాదు. పాపం, ఆయన నిజంగానే నమ్మేశాడు.

ఒకసారి సంబరాల కమిటీ ఆయన్ని వేదికెక్కించి దండ వేసింది. సూప్ రహస్యం చెప్పమని ఆడవాళ్ళు పట్టుబట్టారు. "ఏముందమ్మా, గుమ్మడికాయ ముక్కలు బాగా ఉడకబెట్టాలి" అన్నాడాయన. పరదా వెనక, మైకులో ఆ మాట విని అక్క తల కొట్టుకుంది. ఉడకబెడితే అది సూప్ కాదు, గంజి. ఊళ్ళో ఇల్లాళ్ళందరూ ఉడకబెట్టి, మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చారు. "మీరు చెప్పినట్టే చేశాం మావయ్యా, మాకు కుదర్లేదు. ఎంతైనా మీ చేతి మహిమ వేరు" అన్నారు. ఆయన చెయ్యి చూసుకుని వినయంగా నవ్వాడు.

ఇంకో ఏడు ఒక చిత్రకారుడు దుకాణం ఎదురుగా స్టూలు వేసుకుని రోజుల తరబడి బొమ్మ గీశాడు. ఆవిడ పరదా తొలగించినప్పుడల్లా అతను తలెత్తి చూసేవాడు. ఇతగాడి కంట్లో నేను పడ్డానని ఆవిడకి చిన్న ఆశ. బొమ్మ గోదాములో పెట్టారని తెలిసి, మధ్యాహ్నం జనం లేనప్పుడు వెళ్ళి చూసింది. గోడంత బొమ్మ. టోపీ, గరిట, గిన్నెల మీంచి లేచే ఆవిరి, అన్నీ ఉన్నాయి. పరదా అయితే ఎంత శ్రద్ధగా గీశాడో! ఒక్క మడత వదల్లేదు. కింద అంచుకి అంటిన మసి కూడా వదల్లేదు. ఆవిడ ఆ పరదా ముందు కాసేపు నిలబడి, దాని వెనక పొయ్యి మీద ఉల్లిపాయలు మాడతాయని గుర్తొచ్చి వచ్చేసింది.

అప్పటినుంచి ఆవిడలో ఒక కోరిక ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. దండలొద్దు, వేదికలొద్దు. ఈ ఊళ్ళో నలుగురు, నలుగురంటే నలుగురు, ఈ సూప్ తను చేసిందని తెలుసుకుని తాగాలి. తను ఉండగానే అది జరగాలి. అరవై దగ్గరపడుతున్న మనిషికి అదేమంత గొంతెమ్మ కోరిక కాదు.

అలాంటి సమయంలో ఆవిడ తోడబుట్టిన అక్కగారి కూతురు వచ్చింది. పిల్ల సినిమాలు తీయడం చదువుకుంది. "పిన్నీ, సంబరాల్లో చిన్న సినిమాలకి చోటిస్తున్నారు. ప్రతి సాయంత్రం పెద్ద సినిమాకి ముందు వేస్తారట. మీ సూప్ మీద తీస్తాను" అంది.

"మీ బాబాయ్ మీదా?" అంది పరదా అక్క, గుమ్మడికాయ కోస్తూ.

"సూప్ మీద పిన్నీ. అంటే నీ మీదే కదా. నాకు తెలీదా ఏంటి?"

ఆ ఒక్క మాటకి ఆవిడ కరిగిపోయింది. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ పెట్టిచ్చింది. పిల్ల వారాల తరబడి కెమెరా పట్టుకుని వంటగదిలోనే మకాం పెట్టింది. కాల్చడం తీసింది, ఒలవడం తీసింది, మిరియాలు దంచడం తీసింది. పరదా అక్క ఎన్నడూ ఎవరికీ చెప్పనివన్నీ చెప్పింది. హాలు మూతపడిన సంగతి, గోడవైపు తిరిగి పడుకున్న మొగుడి సంగతి, పత్రికావిడతో తను ఆడిన అబద్ధం, వేదిక మీద ఉడకబెట్టిన గుమ్మడికాయ. చెబుతూ చెబుతూ నవ్వింది, ఒకచోట కళ్ళు తుడుచుకుంది. "ఇవన్నీ పెడతావా?" అని అడిగింది. "అన్నీ తీశాను పిన్నీ" అంది పిల్ల. పెడతాననలేదు. ఆ తేడా ఆవిడ పట్టించుకోలేదు.

సంబరాలు మొదలైన రోజు పరదా అక్క పెట్టె అడుగునుంచి ఊదారంగు శాలువా తీసి కప్పుకుంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. గిన్నెలు తోమే ఆవిడ చూసి, "ఏంటక్కా, ఇవాళ కళ్ళు చెదిరిపోతున్నాయి! ఎవరొస్తున్నారేంటి?" అంది.

"ఎవరో ఒకరు రారా" అంది అక్క. మొహం మాత్రం చేటంత అయింది.

సినిమా గుడారంలోంచి చప్పట్లు వినిపించాయి. కాసేపటికి వరుస ఒక్కసారిగా పొడుగైంది. పరదాకి ఇవతల ఆవిడ చెవులు రిక్కించింది. ఇప్పుడొస్తారు. పరదా ఎత్తి, మీరేనా అమ్మా అంటారు. చేతులు కడుక్కుని, తుడుచుకుని నిలబడింది.

ఎవరూ ఇటు రాలేదు. పరదా అవతల మాటలు మాత్రం వినిపించాయి. "మావయ్యా, ఏడిపించేశారు మావయ్యా!" "మీ అమ్మగారి గురించి చెబుతుంటే మా ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది." "ఒక్కసారి మీ చెయ్యి ఇవ్వండి మావయ్యా, పట్టుకుంటాను." ఆయన గొంతు బొంగురుపోయింది. "ఏం చేస్తాం బాబూ, అంతా అమ్మ పెట్టిన భిక్ష" అంటున్నాడు.

పరదా అక్కకి ఏమీ పాలుపోలేదు. ఎవరమ్మ? పోయిన అత్తగారా? ఆవిడకీ సూప్‌కీ ఏం సంబంధం? ఆవిడకి నీళ్ళు కాచడానికి కూడా బద్ధకమే. పొద్దున లేచి రొట్టె కొట్టుకి వెళ్ళి, కొనుక్కున్న రొట్టె అక్కడే నిలబడి తినేసి వచ్చే మనిషి. మొగుడు ఎక్కడో ఒక ముక్క తల్లి గురించి చెప్పి ఉంటాడు, జనం దాన్ని పట్టుకున్నారు, అనుకుంది. మిగతా సినిమా తన గురించే ఉండి ఉంటుంది. రేపొస్తారు.

రేపూ రాలేదు, ఎల్లుండీ రాలేదు. సినిమా పడేది జనం ముసురుకునే వేళ. ఆ వేళ పొయ్యి వదిలి అడుగు బయట పెట్టడానికి లేదు. "ఏవండీ, అందులో నేనున్నానా?" అని మొగుణ్ణి అడిగింది. "నాకు మాత్రం చూసే తీరికెక్కడుంది?" అన్నాడు, కుండ అందుకుని గబగబా అటు తిరిగిపోతూ.

చివరి రోజు రానే వచ్చింది. ఇక ఈ బొమ్మ మళ్ళీ వెయ్యరు. గిన్నెలు తోమే ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కుండలు అందించడానికి నేను చాలనా? నీ బొమ్మ నువ్వు చూసుకోకపోతే ఎలా? వెళ్ళక్కా" అని నడుం మీద చెయ్యి వేసి తోసింది. పరదా అక్క కుండలన్నీ నింపి, ఉప్పు చూసి, వెనక సందులోంచి జారుకుంది.

గుడారం కిటకిటలాడుతోంది. వెనక వరసలో చివరి కుర్చీ దొరికింది. దీపాలు ఆరాయి. చీకట్లోంచి రెండు చేతులు వచ్చాయి.

తన చేతులు. తెరంత చేతులు. కాలిన గుమ్మడికాయని తిప్పుతున్నాయి, వేలి కొసలతో నల్లటి తొక్క లాగుతున్నాయి, మిరియాలు దంచుతున్నాయి. బొటనవేలి పక్కన నూనె చింది కాలిన మచ్చ, వంకర తిరిగిన చిటికెన వేలు. జీవితంలో మొదటిసారి తన చేతులు అందంగా ఉన్నాయని ఆవిడకి తోచింది. చుట్టూ జనం కిక్కురుమనడం లేదు. అందరూ చూస్తున్నారు. అందరూ తననే చూస్తున్నారు. కళ్ళు నిండాయి.

అప్పుడు మొగుడి గొంతు వినిపించింది.

"ఇవి మా అమ్మ చేతులు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి పొయ్యి ముందు ఈ చేతులనే చూశాను. పోయేముందు అమ్మ నన్ను పిలిచి, నాయనా, ఈ రుచి నీ చేతుల్లో పెడుతున్నాను అంది."

తెర మీద చేతులు వెలిసిపోయిన పాత ఫొటో రంగులోకి మారాయి. తర్వాత తెల్లటోపీ, నవ్వు, గరిట, జనం. మళ్ళీ చేతులు. మళ్ళీ అమ్మ. మోచేతుల పైకి కెమెరా ఒక్కసారి కూడా పోలేదు. ఆవిడ చెప్పినవేవీ లేవు, ఆవిడ నవ్వు లేదు, ఏడుపు లేదు. ముందు వరుసలో ఎవరో ముక్కు చీదారు. చప్పట్లు మోగాయి. పరదా అక్క తన రెండు చేతులూ శాలువా లోపలికి దాచుకుంది. ఎవరైనా చూస్తారని భయం వేసింది. దొంగసొమ్ముతో దొరికిపోయినట్టు, తన చేతులకి తనే భయపడింది.

బయట గుడారం తాడు పక్కన పిల్ల నిలబడి వచ్చేపోయేవాళ్ళ పొగడ్తలు అందుకుంటోంది. పిన్నిని చూడగానే మొహంలో రంగులు మారాయి.

"నువ్వొచ్చావేంటి పిన్నీ? మరి పొయ్యి దగ్గర ఎవరున్నారు?"

"అవి నా చేతులు కదే."

"నీవే! ఎంత బాగా వచ్చాయో చూశావా? మా మాస్టారు ముందు వాటి గురించే అడిగారు."

"ఏమని చెప్పావు?"

పిల్ల కాలి బొటనవేలితో నేల గీరింది. "ఎవరో ఒకావిణ్ణి పెట్టి తీశానని చెప్పాను."

"ఎవరో ఒకావిడ" అంది పరదా అక్క. "అన్ని రోజులు నా పక్కన కూర్చుని నా చేత అన్నీ చెప్పించుకున్నావు. అవన్నీ ఏ గంగలో కలిపావు?"

"పిన్నీ, కోప్పడకుండా విను. నువ్వు చెప్పింది పెడితే బాబాయ్ ఏమైపోతాడు? ఊరంతా ఆయన మొహాన ఉమ్ముతుంది. అసలు కమిటీవాళ్ళు అడిగిందే సూప్ మావయ్య కథ. ఆయన్ని అబద్ధాలకోరుని చేస్తే నా బొమ్మ ఎవరు తీసుకుంటారు? కానీ ప్రతి ముక్కలో నువ్వే ఉన్నావు పిన్నీ. ఆలోచించి చూడు, బాబాయ్ కంటే నువ్వే ఎక్కువసేపు కనిపిస్తావు."

"మీ అమ్మమ్మ చేతులనో, ఊళ్ళో ఎవరి చేతులనో చెప్పినా ఊరుకుందును. మా అత్తగారి చేతులనడానికి నీకు నోరెలా వచ్చిందే?"

"అది నేను రాయలేదు పిన్నీ. బాబాయే రాసుకొచ్చాడు. గొంతు మా ఇంట్లోనే రికార్డు చేశాం. ఆయన చెప్పలేదా నీకు?"

పొయ్యి బర్నరు బాగుచేయించుకొస్తానని మొగుడు మధ్యాహ్నమంతా పత్తా లేకుండా పోయిన రోజు ఆవిడకి గుర్తొచ్చింది. తిరిగొచ్చినప్పుడు బర్నరు అలాగే ఉంది. కొట్టు మూసి ఉందన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. పిల్లని ఇంకో మాట అనకుండా వెనక్కి తిరిగింది. తిండి వీధి పొడవునా ఆవిడకి ఎదురుపడ్డవాళ్ళంతా ఆ సినిమా చూసి వస్తున్నవాళ్ళే. ఒక్కరూ ఆవిడ వైపు చూడలేదు.

ఆవిడ వచ్చేసరికి చెక్క మీద గరిట టకటకమంటోంది. గిన్నెలు తోమే ఆవిడ మొహం చూసి ఏమీ అడక్కుండా తప్పుకుంది. పరదా అంచున కుండ కోసం చెయ్యి చాపిన మొగుణ్ణి ఆవిడ మణికట్టు పట్టుకుని లోపలికి లాగింది.

"మీ అమ్మ ఒక్కరోజైనా పొయ్యి వెలిగించిందా?"

"నెమ్మదిగా మాట్లాడు. బయట జనం ఉన్నారు."

"వెలిగించిందా, లేదా?"

ఆయన పరదా సందులోంచి ఒకసారి బయటికి చూశాడు. "సినిమా అన్నాక ఏదో ఒకటి ఉండాలి కదా. పిల్ల అడిగింది, తోచింది చెప్పాను. అయినా చచ్చిపోయినావిడకి కాస్త మంచి పేరొస్తే నీదేం పోయింది?"

"నా చేతులు పోయాయి" అంది ఆవిడ. "నన్ను పరదా వెనక పెట్టారు, ఊరుకున్నాను. నా సూప్‌ని మీ సూప్ అన్నారు, ఊరుకున్నాను. ఇప్పుడు చేతులు కూడా కోసి మీ అమ్మకి అతికించారు. ఇంకేం మిగిలిందని?"

"నేను అడిగానా?" ఆయన గొంతు లేచింది. మళ్ళీ తగ్గించుకున్నాడు. "ఆ రోజు పత్రికావిడతో ఆయనే చేస్తాడని చెప్పింది ఎవరు? నేను నిన్నే చూపించబోయాను. ఔనా కాదా?"

ఆ మాట నిజమే కాబట్టి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"ఔను. అప్పుడు నేనే చెప్పాను" అంది. "ఇప్పుడు మీరు చెప్పండి. ఇది చివరి రోజు. పరదా తీసి, ఇది మా ఆవిడ, సూప్ చేసేది ఈవిడే అని ఒక్క మాట. ఇంకేమీ అడగను."

సూప్ మావయ్య మొహం పాలిపోయింది. టోపీ తీసి చేతిలో నలిపాడు. "ఈ వయసులో నన్ను నవ్వులపాలు చేస్తావా? ఇంకేముంది నాకు? ఇది పోతే మళ్ళీ..." అని ఆగిపోయాడు. గోడవైపు తిరిగి పడుకున్న పాత మనిషి ఒక్క క్షణం ఆ మొహంలో కనిపించాడు. పరదా అక్కకి జాలేసింది. వేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బయట వరుసలో గిన్నెల చప్పుడు మొదలైంది. "మావయ్యా, చలికి చచ్చిపోతున్నాం!" అని ఎవరో అరిచారు. ఆయన కదల్లేదు. ఆవిడ గుడ్డలతో కుండ చెవులు పట్టుకుని ఎత్తింది. పరదాని భుజంతో తోసుకుని బయటికి వచ్చింది.

ముందు వెలుగు ఎక్కువ. ఇన్ని మొహాలు ఎదురుగా చూసి ఎన్నాళ్ళయిందో. కుండ దించి, గరిట తీసుకుని, మొదటి గిన్నెలో పోసింది. వెనకే ఆయన కూడా వచ్చి, టోపీ తలకి తగిలించుకుని, నవ్వాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు. వరుసలో ముందున్నది ఒక కాలేజీ పిల్ల. సినిమా చూసి తిన్నగా ఇటే వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గిన్నె అందుకుంటూ గరిట పట్టుకున్న చెయ్యి చూసింది. బొటనవేలి పక్కన మచ్చ చూసింది. గిన్నె సంగతే మరిచిపోయింది.

"అమ్మా! ఈ చెయ్యి... మీరు మావయ్యగారి అమ్మగారా? సినిమాలో పోయారన్నారే!"

వరుస మొత్తం మెడలు చాపింది. సూప్ మావయ్య గుటకలు మింగుతున్న చప్పుడు ఆవిడకి పక్కనే వినిపించింది. ఆయన అంటాడని ఆవిడ చూసింది, చూసింది, ఇక చూడలేదు.

"అమ్మని కాదమ్మా, భార్యని" అంది. ఆవిడ గొంతు ఎప్పటిలాగే పొమ్మన్నట్టుంది, కానీ వరుస చివరిదాకా వినిపించింది. "సినిమాలో చేతులు నావి. ఈ సూప్ చేసేది నేను. మొదటి రోజు నుంచీ నేనే. మా అత్తగారికి పొయ్యి వెలిగించడం కూడా వచ్చేది కాదు."

అనేసింది. అంత మందిలో, అంత వెలుగులో అనేసింది. గరిట కుండలో పెట్టి నిలబడింది. కాలేజీ పిల్ల ఆవిడ మొహం చూసింది, సూప్ మావయ్య వాలిపోయిన మొహం చూసింది, మళ్ళీ ఆ చేతులు చూసింది. మెల్లగా పిల్ల మొహం విప్పారింది. కళ్ళలో మళ్ళీ నీళ్ళు తిరిగాయి.

"అర్థమైందమ్మా. అత్తాకోడళ్ళు కదా, ఆ మాత్రం అలకలు ఉంటాయి" అంది, ఎంతో ఆప్యాయంగా. గిన్నె పక్కన పెట్టి పరదా అక్క చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "కానీ ఎంత అదృష్టవంతులో మీరు! మావయ్యగారు మీకు కూడా నేర్పించారన్నమాట. చూడండి, చేతులు కూడా అచ్చం ఆవిడవే వచ్చాయి!"

వరుసలో "నిజమే, నిజమే" అన్నారు. ఎవరో ఫొటో తీశారు. సూప్ మావయ్య పోయిన ఊపిరి తిరిగొచ్చినట్టు గట్టిగా గాలి పీల్చుకుని, టోపీ సర్దుకుని, "అంతా మా అమ్మ ఆశీర్వాదం తల్లీ" అన్నాడు.

పరదా అక్క ఆ పిల్ల చేతుల్లోంచి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. అవి తనవేనని రుజువు చెయ్యడానికి ఇంకే చేతులు తెచ్చి చూపించాలో ఆవిడకి తెలియలేదు. వెనకాల నిలబడ్డ మనిషి, చలిగా ఉందమ్మా, కాస్త తొందరగా, అంటూ గిన్నె చాపాడు. ఆవిడ పోసింది.